గేటు బయట మంచం

ఇంతవరకు నా మాట ఎవరూ పట్టించుకోలేదు. వార్డు ఆఫీసులో చెప్పాను. "ఇది మా పరిధిలోకి రాదు సార్" అన్నారు. పత్రికకు వార్తలు పంపే ఒకాయనతో చెప్పాను. ఫోటో ఉందా అని అడిగాడు, లేదనగానే నేను ఇప్పించిన టీ తాగేసి వెళ్లిపోయాడు. వీధిలో పెద్దమనుషులకు చెప్పాను. "అయిపోయింది గదప్పా, యాల కెలకతావు?" అన్నారు. చివరికి మా ఇంటి ఓనరునే నిలదీశాను. నేను మాట్లాడుతూ ఉండగానే ఆయన మేడమెట్లు ఎక్కిపోయాడు. మాట సగంలో ఉండగా వీపు చూపించిన మనిషిని నేను మరచిపోను. నా స్వభావమే అంత. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక మనిషి గురించి. ఆయన పోయి ఎక్కువ కాలం కాలేదు. పేరు రాయను. పేరు రాస్తే ముందు అందులో కులం వెతుకుతారు. బతికినన్నాళ్లు ఇల్లు అడిగిన ప్రతి గడప దగ్గర ఆయనకు జరిగింది అదే. రిటైరైన బస్సు కండక్టరు. కుప్పంలో కొన్నాళ్లు, పుంగనూరులో కొన్నాళ్లు, చివరికి మదనపల్లెలో. ఎక్కడ డ్యూటీ వేస్తే అక్కడ బాడుగ ఇల్లు. సొంత ఇల్లు ఎందుకు కట్టుకోలేదని అడిగిన వాళ్లకు, "బస్సులో ఉండేవోడు బస్సు కొనుక్కుంటాడా?" అనేవాడు.

మా ఇల్లు మదనపల్లెలో, బస్టాండుకు కొంచెం దూరంగా ఉన్న వీధిలో. కింద రెండు పోర్షన్లు, పైన ఓనరు. ఎడమ పోర్షన్ నాది. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు పంతులును. నా జీతం పెరగకుండా బాడుగ మాత్రం ఎలా పెరుగుతుందో ఓనరును చాలాసార్లు అడిగాను, అడగడం మానలేదు. కుడి పోర్షన్ ఆయన వచ్చేనాటికి ఖాళీగా ఉంది. అందులో ఉన్నవాళ్ల ముసలమ్మ ధనిష్ఠా పంచకంలో పోయింది. ఆ అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలని మా వైపు గట్టి పట్టింపు. మూసిపెట్టిన నెలలు గడిచాక కూడా సంసారులు ఎవరూ రాలేదు. పక్కనే అంగళ్లు అనే ఊళ్లో ఉన్న కాలేజీ పిల్లలు వచ్చారు. తలకు ఇంత అని ఓనరు బాగానే గుంజాడు గానీ, వాళ్ల గోలకు ఆయనకే నిద్ర కరువై ఖాళీ చేయించాడు.

అప్పుడు వచ్చాడు ఈయన. నేను బండి తుడుచుకుంటున్నాను. గేటు రేకు మీద టకటకమని రెండు దెబ్బలు పడ్డాయి. బస్సు కదలాలంటే కండక్టరు కొట్టే దెబ్బలు అవి. ఓనరు పైనుంచి వంగి చూశాడు.

"ఎంతమంది?"

"ఇద్దరం సామీ. నేనూ, మా ఆడమనిషి."

"సుట్టాలు వస్తాపోతా ఉంటారా?"

"వస్తే పోతారు సామీ. ఉండిపోయేంత ఇల్లు మాకు ఎవురూ ఇయ్యలేదు."

"మీరు యేమోళ్లు?"

"బాడుగిండ్లోళ్లం సామీ. మా నాయన కాడ్నించీ అదే."

ఓనరుకు నవ్వు రాలేదు. నాకు వచ్చింది. ఆ పోర్షన్‌కు మరెవరూ రావడం లేదు కాబట్టి, మొహం అదోలా పెట్టుకునే ఓనరు తాళంచెవి ఇచ్చాడు. ముసలమ్మ సంగతి దాచడం నాకు ఇష్టంలేక ఆయనకు చెప్పేశాను. "తెలుసు అయివోరా, టీ అంగడికాడనే చెప్పినారు" అన్నాడు. "మంచిదే గదా. సచ్చిన ఇల్లని పేరు పడితే బాడుగ పెంచడు." ఆ ఒక్కదాంట్లోనే ఆయన లెక్క తప్పింది. ఏడాది తిరగకముందే పెంచాడు.

ఏ ఇంట్లో చేరినా మొదటిరోజు పాలు పొంగించేవాడు. బాడుగ ఇంటికి ఎందుకని అంటే, పొయ్యి మనదే గదా అనేవాడు. మా పక్కన చేరిన పొద్దున మొదటి గ్లాసు నాకు తెచ్చి ఇచ్చి, కదలకుండా నిలబడ్డాడు. నేను తాగుతుంటే నా గొంతు వైపే చూశాడు. గ్లాసు ఖాళీ అయ్యాక గానీ ఊపిరి వదలలేదు. అప్పుడు కుప్పం సంగతి చెప్పాడు. అక్కడ ఓనరమ్మకు ఇలాగే పాలు ఇచ్చాడట. ఆమె నవ్వుతూ తీసుకుంది. గ్లాసు కడిగి మరీ తిరిగి పంపింది. సాయంత్రం నీళ్లు పోద్దామని పోతే మల్లెచెట్టు మొదట్లో మన్ను తెల్లగా ఉందట.

"ఏమన్నావన్నా ఆమెను?"

"ఏమంటాం? ఆ ఏడాది మల్లెలు బాగా పూసినాయి అయివోరా."

ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఆ కుప్పం ఓనరమ్మ మీద ఇప్పటికీ కోపమే. ఆమెను నేను చూడలేదు, చూడబోను. అయినా కోపమే.

గోడకు మేకు కొట్టకూడదన్నది ఓనర్లందరి నియమం. ఈయన ఆ నియమాన్ని వ్రతంలా పాటించాడు. కట్టుకమ్మీ వంచి కొక్కేలు చేసుకున్నాడు. చొక్కా, సంచి, క్యాలెండరు, దేవుడి పటం, అన్నీ కిటికీ చువ్వలకే వేలాడేవి. ఆ ఇంట్లో గోడలు ఖాళీ, కిటికీ మాత్రం సంతలో అంగడిలా ఉండేది. వెలుతురు రాదు గదన్నా అంటే, "వెలుతురు ఓనరుది. పటం మనది" అన్నాడు. నడిచేటప్పుడు మడమ కింద పెట్టేవాడు కాదు. పైన ఓనరు, పక్కన ఇంకొకరు, అడుగు చప్పుడు వినబడితే మాట వస్తుందని ఏ ఊళ్లోనో పడిన అలవాటు. వీధిలో కూడా అలాగే మునివేళ్ల మీద నడిచేవాడు. పొద్దున మోటారు వేసినప్పుడు తన బిందెలకన్నా ముందు మా బకెట్టు కుళాయి కింద పెట్టేవాడు. నేను వద్దంటే, "ముందు దూరం పోయేవోళ్లు ఎక్కాల" అని ఒక కండక్టరు మాట. నేను స్కూలుకు పోవాలి గదా, ఆయన ఇంట్లోనే ఉంటాడు గదా.

పుంగనూరులో ఉన్న ఇంటి గురించి చెబితే కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. తలుపు అంత పొట్టిదట. "ఆ ఊరి పొట్టి ఆవుల కోసం కట్టిన ఇల్లు అయివోరా. మనుసులం మేము పోయి ఇరుక్కున్యాం. లోపలికి పోతే ఓనరుకు దండం, బయటికొస్తే వీధికి దండం." వాళ్ల కూతురు ఇప్పుడు ఆ ఊళ్లోనే ఉంది, ఆమెది కూడా బాడుగ ఇల్లే. అల్లుడు చౌడేపల్లె వైపు పాలవ్యాను తోలుతాడు. కూతురు, పిల్లలు వచ్చినప్పుడు ఆ ఒక్క గదిలో అందరూ పడుకోలేక కిందామీదా పడుతుంటే ఈయన గుమ్మంలో నిలబడి, "లోపల ఖాళీ ఉండాది, ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి!" అని అరిచేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. మూడోపూట నవ్వులు పైకి వినబడగానే ఓనరు మెట్ల మీదకు వచ్చి, "నీళ్లు సాలవప్పా, ఇంకా ఎన్ని దినాలుంటారు?" అనేవాడు. పిల్లల ముందే అనేవాడు.

పోయిన చలికాలంలో ఆయనకు ఊపిరి సమస్య ముదిరింది. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, ఇక ఇంట్లోనే చూసుకోండి అని పంపేశారు. ఆయన భార్యను నేను అక్కా అంటాను. ఎక్కువ మాట్లాడని మనిషి. ఆ రోజు మా గుమ్మం దగ్గరకు వచ్చి, "అయివోరా, నాకు ఇంకేం వద్దు. ఆయప్ప ఇంట్లోనించి పోవాల. తలకాడ నేను దీపం పెట్టాల. రోడ్డు మింద పెట్టుకోని ఏడ్సేది నా వల్ల కాదు" అన్నది. బాడుగకున్న వీధుల్లో అలాంటివి ఎన్ని చూసి ఉంటుందో! బాడుగ ఇంటి శవాన్ని ఓనర్లు లోపలికి రానియ్యరు. ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి పోయినవాళ్లు మా ఊళ్లోనే ఎంతమందో.

మరుసటి రోజు ఓనరు దిగివచ్చాడు. చేతిలో పంచాంగం. ఆయన చెడ్డవాడని నేను రాయడం లేదు. భయస్థుడు. ఇంటి మీద బ్యాంకు అప్పుంది.

"ముందే చెప్తాండా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు మంచం పక్కన నిలబడి. "ఒకసారి మూసిపెట్టి అనుభవించినా. నాకు ఈ రెండు పోర్షన్లే గదప్పా పొలమూ పుట్రా. ఏమన్నా అట్లా ఉంటే, ముందుగానే ఆసుపత్రిలో..."

మంచం మీది మనిషి చేతులు జోడించాడు. "మీ ఇల్లు మూతపడనియ్యను సామీ."

"ఎందుకన్నా మాటిస్తావు?" అని నేను అరిచాను. "బాడుగ కట్టలేదా నువ్వు?"

"ఆయనా ఒక ఇంటి మిందనే బతకతాండాడు గదా అయివోరా" అన్నాడు. అక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

ఆ మాటే ఆయన కొంప ముంచింది. ఒక ఆదివారం పొద్దున ఊపిరి ఎగదన్నింది. కళ్లు తేలవేశాడు. అక్క దీపం కోసం పరుగెత్తుతుంటే, ఈయన చెయ్యెత్తి తలుపు వైపు చూపించాడు. మాట రావడం లేదు. బయటికి, బయటికి అని చెయ్యి ఊపుతున్నాడు. వద్దని అక్క కాళ్లు పట్టుకుంది. ఆయన వినలేదు. మంచం దిగి పాకబోయాడు. ఇక తప్పక నేనూ, ఎదురింటి ఆటో డ్రైవరూ మంచం పట్టుకుని గేటు దాటించి, కానుగచెట్టు నీడలో దించాం. వీధి అంతా చేరింది. ఎవరో తులసినీళ్లు తెచ్చారు. ఎవరో కూతురికి ఫోను చేశారు. ఒకామె అప్పుడే రాగం అందుకుంది.

ఎండ కాళ్ల మీదకు వచ్చేసరికి ఆయన కళ్లు తెరిచాడు. చుట్టూ చూశాడు.

"ఇంతమంది ఉండారే. ఒకరన్నా టీ తెచ్చినారా?"

ఆ నవ్వులు చూడాలి. ఏడుస్తున్న ఆమె కూడా నవ్వింది. ఆటో డ్రైవరు, "ఏం మామా, మమ్మల్ని ఆదివారం కూడా పండుకోనియ్యవా?" అన్నాడు. టీ వచ్చింది. నాలుగు గుక్కలు తాగాడు. సరే, లోపలికి పోదాం అని మళ్లీ మంచం ఎత్తాం. గేటు దగ్గర ఓనరు నిలబడి ఉన్నాడు. చెయ్యి అడ్డంగా పెట్టాడు.

"అట్లా కాదప్పా. పోతాడని బయటికి మోసినాంక మళ్లా గడప దాటించకూడదు. ఇంటికి అరిష్టం."

నాకు కాసేపు అర్థం కాలేదు. "బతికినాడు సామీ! కళ్లెదురుగా టీ తాగినాడు!"

"తాగనీ. తాగినందుకు సంతోషమే. లోపలికి మాత్రం లేదు."

వీధి నా పక్షం వస్తుందనుకున్నాను. అదే నేను ఈ వీధిని క్షమించలేని విషయం. ముసలామె ఒకతె, "అవునప్పా, మా అమ్మ కాలం నుంచీ ఉండాది. సావుకని దాటినోడు వాకిట్లోనుంచి తిరిగి రాగూడదు" అన్నది. ఇంకొకామె, "గోడ పగలగొట్టి ఆడినించి తెచ్చుకోవచ్చు, మా ఊళ్లో అట్లా తెచ్చినారు" అని ఉపాయం చెప్పింది. మంచం మీద నుంచి సన్నగా గొంతు వినబడింది. "మేకు కొట్టనీనోడు గోడ పగలగొట్టనిస్తాడా తల్లీ?"

మళ్లీ నవ్వారు. ఓనరు కూడా నవ్వాడు. కానీ చెయ్యి తియ్యలేదు.

ఆ తరువాత ఈయన చేసిన పని నాకు మరీ మంట. ఓనరుకే క్షమాపణ చెప్పాడు. "నాదే తప్పు సామీ. స్టేజీ రాకముందే దిగేసినా."

ఎండ పడకుండా కానుగచెట్టుకు టార్పాలిన్ పట్ట కట్టాం. ఆయన బయట, ఆయన సామాను లోపల. అక్కకు లోపలికి పోవడానికి అడ్డం లేదు. ఆమె లోపల గంజి కాచి బయటికి తెచ్చేది. ఇంటి బాడుగ నడుస్తూనే ఉంది, మనిషి మాత్రం వీధిలో. నా పోర్షన్‌లోకి తీసుకుపోదామంటే నాకూ ఆ గేటే. ఓనరమ్మ భర్త చూడకుండా ఒక దుప్పటి పంపింది. మంచి మనసుతోనే పంపింది. తిరిగి ఇవ్వబోతే మాత్రం, "ఉండనీలే, మీరే పెట్టుకోండి" అని రెండడుగులు వెనక్కు వేసింది.

పుంగనూరులో కూతురు తన ఓనరు కాళ్లావేళ్లా పడి ఒప్పించింది. వైద్యానికి వచ్చి ఉంటాడని, ఏమైనా అనిపిస్తే ముందే ఆసుపత్రికి మారుస్తామని మాట ఇచ్చింది. అల్లుడు ఒక టెంపో మాట్లాడాడు. సామాను ఎక్కించాం. రుబ్బురోలు ఒక్కటి బరువని, మళ్లీ వచ్చి తీసుకుపోదామని లోపలే వదిలేశారు. ఆయనను పరుపు మీద, బిందెలకూ గ్యాసు సిలిండరుకూ మధ్య పడుకోబెట్టాం. నేను స్కూలుకు సెలవు పెట్టి వెంట వెళ్లాను. ఆ సెలవుకు జీతం కోశారు, అదీ గుర్తుంది. బయలుదేరే ముందు ఆయనే చెయ్యి చాపి టెంపో రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. మేడ మీద కిటికీ రెక్క ఒకటి మూసుకుంది.

ఆ దారిలో ఆయన జీవితమంతా తిరిగాడు. పడుకునే, రోడ్డు ఎగుడుదిగుళ్లను బట్టి ఊరి పేరు చెబుతూ వచ్చాడు. "సరేనా అయివోరా?" అని అడిగేవాడు. నేను బయటికి చూసి సరే అనేవాణ్ణి. ఒకచోట, "ఈడ ఒక ఇల్లు చూసినా. కిటికీలు పెద్దవి. ఓనరు మంచోడే. ఆయనమ్మ ఒప్పుకోలేదు" అన్నాడు. కాస్త దూరం పోయాక, "మా ఆడదానికి దీపం ఆశ. ఆడ పెట్టనిస్తారంటావా?" అన్నాడు. పెట్టనిస్తారన్నాను. నాకు ఏం తెలుసని అన్నానో! తరువాతి ఊరు వచ్చింది. ఆయన దాని పేరు చెప్పలేదు.

నేను ఎదురు చూశాను. ఊరు దాటిపోయింది.

అక్కకు నాకన్నా ముందే తెలిసింది. లేచి టెంపో రేకు మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. బండి ఆగింది. డ్రైవరు దిగివచ్చి చూశాడు, తల మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"యాడికి పోవాలక్కా ఇప్పుడు? ఎనక్కా, ముందుకా?"

వెనక ఒక గేటు. ముందు ఒక గేటు. రెండు పక్కలా టమోటా తోటలు, కట్టెలకు కట్టిన తీగలు. లారీలు పోతున్నాయి. చివరికి ఆమే, "ముందుకే పోనీ నాయనా. బిడ్డ సూసుకోనీ" అన్నది.

కూతురి ఇంటి ముందు టెంపో ఆగీ ఆగకముందే, కూతురికి చేసిన ఫోనుతో కబురు తెలిసిన ఆ ఓనరు గేటు మూసి, అవతల నిలబడ్డాడు. అక్క కూతురిని బండిలోకి రమ్మని చెయ్యి చాపింది, అంతే. నేరుగా శ్మశానానికి పోయాం. స్నానం అక్కడి బోరు దగ్గరే. దీపం టెంపో వెనక పలక మీద పెట్టాల్సి వచ్చింది. గాలికి ఆరిపోతుంటే అక్క కొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది. చెయ్యి కాలినా కదలలేదు.

నేను ఇంకా అక్కడ ఉండగానే మా ఓనరు నుంచి ఫోను వచ్చింది. అయ్యో పాపం అన్నాడు. ఆ వెంటనే, "ఎన్ని గంటలకు పోయినాడప్పా?" అన్నాడు. ఎందుకన్నాను. ఆ రోజు మధ్యాహ్నం నక్షత్రం మారిందట. మారకముందు పోతే పంచకం, మారిన తరువాత అయితే ఏమీ లేదు. పోయింది దారిలో గదా అంటే, రోలు లోపలే ఉంది గనక కాపురం ఇంకా ఈ ఇంట్లోనే ఉన్నట్టు లెక్క అని పంచాంగం చూసే అయ్యగారు చెప్పాడట.

నేను చెప్పలేదు. ఫోను పెట్టేశాను. డ్రైవరు వేళ చూసుకోలేదు. అక్కకు గడియారం చూసే స్థితి ఎక్కడిది? అక్క బండి ఆపినప్పుడు నా చేతి గడియారం చూసుకున్నాను గనక వేళ తెలిసింది నా ఒక్కడికే.

అప్పటినుంచి కుడి పోర్షన్ తలుపుకు తాళం అలాగే ఉంది. తియ్యాలో, నెలల తరబడి అలాగే ఉంచాలో ఓనరుకు తెలియదు. నన్ను అడగడానికి ఆటో డ్రైవరును పంపాడు, ఓనరమ్మను పంపాడు, మా స్కూలు హెడ్మాస్టరుతో చెప్పించాడు. ఖాళీ చేయిస్తానని కూడా కబురు పంపాడు. ఖాళీ చేస్తే నాకు ఈ ఊళ్లో ఈ బాడుగకు ఇల్లు దొరకదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా చెప్పలేదు.

సామీ, ఇది మీరు చదువుతారు. చదివి వినిపించేవాళ్లు ఈ వీధిలో చాలామంది ఉన్నారు. బతికి ఉన్న మనిషికి మీరు చెయ్యి అడ్డం పెట్టారు. ఆ పొద్దున ఆయనను తన మంచం మీద తన గదిలోకి రానిచ్చి ఉంటే మీకు ఏం పోయేది? ఆమె దీపం ఎక్కడ పెట్టుకోవలసింది? మనుషులను పంపవద్దు, ఫోను చెయ్యవద్దు. మెట్లు దిగి నా గుమ్మం ముందుకు రండి, ఈ రెండింటికీ జవాబు చెప్పండి. మీరు చెప్పిన తరువాత, ఆయన పోయిన వేళ నేను చెబుతాను.